పలమనేరు సీమలో సైకిలుబాటలు



చిత్తూరినుండి పడమరగా బయలుదేరినవారు మొగిలీశ్వరుని సన్నిధి దాటి, కనుమ యెక్కి పలమనేరు చేరుదురు. కనుమ యెక్కునంతసేపు ఎట్టి బండియైనను మూల్గును. ఎక్కిన పిమ్మట ఆ మూల్గు తగ్గును, గాలి చల్లబడును, నేల విప్పి పఱచినట్లు కానవచ్చును. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము అను ఈ నాలుగు పట్టణములును సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల యెత్తున, కొంచెము హెచ్చుతగ్గులతో, ఒకే మట్టమున నున్నవి. నడుమ నడుమ గుండ్రాళ్లగుట్టలు లేకపోలేదు. కాని పల్లెబాట గుట్టను ఎక్కదు, చుట్టి పోవును. ఎత్తు వచ్చినచో అది చెఱువుకట్ట యెత్తు. పల్లము వచ్చినచో అది వాగుపల్లము. కృష్ణా గోదావరీ డెల్టాలవలె అరచేతివంటి నేల యని చెప్పజాలను గాని, సైకిలు త్రొక్కువానికి ఇది మిక్కిలి అనుకూలమైన సీమ.

అయినను ఒక్క మాట మొదటనే మనవి చేసెదను. నేల చదునుగా నున్నంతమాత్రమున సైకిలు నడవదు. ఊరిపెద్దలు బాటను కాపాడినచోటనే అది నడచును. ఈ మాటను నిరూపించుటకే నేటి నా ప్రసంగము.

సైకిలు మన కండ్లకు పాతబండియే కాని, లోకచరిత్రలో అది నిన్నటి వస్తువు. 1817లో జర్మనీదేశమునందలి మాన్‌హైము పట్టణమున కార్ల్ డ్రైస్ అను నాతడు రెండు చక్రములను ఒకదాని వెనుక నొకటి కూర్చి, నడుమ కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు పోవు కఱ్ఱబండిని నడపెను. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. 1860ల దశాబ్దమున ఫ్రాన్సుదేశమున ముందుచక్రమునకు పెడళ్లు అమర్చిరి. అటుపిమ్మట వేగమునకై ఆ ముందుచక్రమును నిలువెత్తుదాక పెంచిరి. అంతయెత్తునుండి తలక్రిందుగా పడినవారు పెక్కుమంది. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానముగా చేసి, చైనుతో వెనుకచక్రమును త్రిప్పు 'రోవర్' బండిని లోకమునకిచ్చెను. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరుటైరునకు పేటెంటు పొందెను. తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లవీధిలో కుదుపుట చూచి ఆయన కా యూహ కలిగినదట. నేడు మన యింటిగోడకు ఆన్చియున్న సైకిలు మూలమున ఆ యిద్దరి బండియే.

ఆ బండిలోని మర్మమును ఒక చిన్నలెక్కతో తెలియజెప్పెదను. చక్రము అడ్డుకొలత 28 అంగుళములు. పెడలువద్ద పండ్లచక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలునకు 18 పండ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒకచుట్టు తిరుగునప్పటికి వెనుకచక్రము రెండున్నరచుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. బండి ఇంచుమించు ఐదున్నర మీటర్లు ముందునకు పోవును. ఒకచుట్టు అనగా కుడికాలితో ఒక త్రొక్కు, ఎడమకాలితో ఒక త్రొక్కు. ఆ రెండుకాళ్లే నేలపై రెండడుగులు వేసినచో ఒకటిన్నర మీటరు మాత్రమే నడతుము. మఱియొక విశేషము. నడచువాడు అడుగడుగునకు తన బరువును తానే ఎత్తి దింపుకొనుచుండును. సైకిలుపై ఆ బరువు సీటుమీద నుండును. కావుననే చదునునేలపై సైకిలు త్రొక్కువానికి, అంతే దూరము నడచుటకు పట్టు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. మోకాళ్లనొప్పి గల పెద్దలు నడకకంటె సైకిలు సుఖమనుటకు కారణ మిదియే.

మన సీమలో సైకిలు వాహనముగా కంటె ఇంటిమనిషిగానే బ్రదికినది. పాలక్యానులు, మల్బరీ ఆకుకట్టలు, పచ్చగడ్డిమోపులు, పలమనేరు మట్టిపాత్రలు, తపాలసంచి, అయ్యవారి పుస్తకములు — ఇవి యన్నియు దాని కేరియరుపై ఊరూరు తిరిగినవి. తొలుత ఇంగ్లండునుండి ఓడలలో వచ్చిన బండ్లే మనవారి కెక్కువగా దొరకెడివి. 1949లో మదరాసు చేరువనున్న అంబత్తూరున టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడి, 'హెర్క్యులిస్' బండ్లు ఇక్కడనే తయారగుట ఆరంభమైనది. గంటకు ఇంత యని అద్దెకిచ్చు అంగళ్లు ప్రతి సంతయూర వెలసినవి. సీటు అందని పిల్లలు బారుక్రిందుగా కాలు దూర్చి, నడుము వంచి త్రొక్కి నేర్చుకొనెడివారు. రాత్రివేళ దీపము లేక పోవువానిని పోలీసులు ఆపెడివారు. సైకిలునకు పన్ను కట్టి బిళ్ల తగిలించుకొను కాలము కూడ నొకటి యుండెను. ఆ పిమ్మట మోటారుసైకిలు వచ్చినది. కొడుకు మోటారుసైకిలు కొనిన దినముననే తండ్రి సైకిలు గొడ్లపాకలో చేరినది.

ఇందులో ఒక విచిత్ర మున్నది. 2000 సంవత్సరము డిసెంబరు 25వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి గ్రామసడకు యోజన నారంభించినది. మైదానప్రాంతములలో 500, అంతకు మించిన జనాభా గల ఊళ్లకు అన్ని ఋతువులలోను నడవదగిన రోడ్డు వేయవలెనని సంకల్పించినది. నాడు మోకాలిబంటి బురదలో సైకిలును భుజముపై మోసికొని పోయిన త్రోవలు పెక్కు నేడు నల్లని తారుబాటలైనవి. సైకిలు ఉన్ననాడు బాట లేదు. బాట వచ్చిననాడు సైకిలు లేదు.

పెద్దరహదారి విడిచి గంగవరము, పెద్దపంజాణి వైపునకో, బైరెడ్డిపల్లె వైపునకో పల్లెదారి పట్టి చూడుడు. ఇరువైపుల చింతచెట్లు, వాటి కవతల కఱ్ఱలు పాతి తాళ్లు కట్టిన టమాటాతోటలు, పట్టుపురుగులకై పెంచిన మల్బరీమళ్లు, రాగిచేలు. మోటారుబండిపై పోవువానికి ఇవి పచ్చని గీతలు మాత్రమే. సైకిలుపై పోవువాడు ఏ చేనికి తెగులు తగిలినదో, ఏ చెఱువుతూము కాఱుచున్నదో, ఎవరి యింట పుంగనూరు ఆవు ఈనినదో తెలిసికొని పోవును. పొట్టితనమునకు లోకప్రసిద్ధి గాంచిన ఆ జాతిని పలమనేరులోని పశుపరిశోధనస్థానము కాపాడుచుండగా, పల్లెలలో దానిని చూడదలచినవారికి ఇట్టి బాటలే దారి. ఎదురుపడినవారిని పేరుపెట్టి పిలుచుటకు సైకిలువేగము సరిపోవును, మోటారువేగము సరిపోదు. పూర్వము ఊరికిని ఊరికిని నడుమ పలుకరింపులు బ్రదికియుండుటకు ఈ వేగమే ఒక కారణము.

మరల సైకిలెక్కదలచు పెద్దలకు కొన్ని మాటలు. పంచె కట్టువారు చైనునకు కప్పు గల బండిని వాడవలెను. కాలెత్తి దాటలేనివారు అడ్డుబారు లేని బండిని కొనవలెను. అందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. సీటుపై కూర్చుండి, పెడలు అడుగునకు వచ్చినపుడు కాలు ఇంచుక మాత్రమే వంగియుండునట్లు సీటు నమర్చుకొనుట శ్రేష్ఠము. కాని తూలుదుమను భయము గలవారు రెండుకాళ్ల మునివ్రేళ్లును నేలకు తగులునట్లు దానిని దించుకొనవలెను. టైరులో గాలి తగ్గినచో శ్రమ పెరుగును. వారమున కొకసారి పంపు పట్టవలెను. చైనునకు నూనె చుక్కలుగా వేసి, మిగిలినదానిని గుడ్డతో తుడువవలెను. లేనిచో దుమ్ము పట్టి చైను అఱుగును. గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే ఎక్కవలెను.

గాలిసంగతి అన్నిటికంటె ముఖ్యము. వేగము రెట్టింపైనచో గాలి అడ్డగించు బలము నాలుగురెట్లగును. మన సీమలో ఆషాఢపుగాలి పడమటినుండి బలముగా వీచును. ఆ దినములలో వెళ్లునపుడు పడమరగా వెళ్లి, వచ్చునపుడు తూర్పుగా రావలెను. ఒడలిలో సత్తువ యున్నపుడు గాలి నెదిరించుట, అలసిన పిమ్మట గాలిచేత త్రోయించుకొనుట వివేకుల పద్ధతి. కార్తికమాసపు వానలు వెలిసి, చెఱువులు నిండి, ఎండ మెత్తబడిన దినములు సైకిలునకు మిక్కిలి అనువైనవి. ధనుర్మాసపు మంచులో మాత్రము తొందర పనికిరాదు. ప్రొద్దెక్కి ఎదురుగా వచ్చువాని ముఖము గుర్తుపట్టగలిగినపుడే బయలుదేరవలెను.

పలమనేరు, కుప్పము ప్రాంతములవారికి మఱియొక జాగ్రత్త కలదు. 1980ల దశాబ్దమున తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు వచ్చి మన అడవులలో స్థిరపడినవి. 1990లో కౌండిన్య వన్యప్రాణి సంరక్షణకేంద్రము ఏర్పడినది. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఏనుగులు అడవి వెడలి చెఱకు, వరి, అరటితోటలపై బడుటయు, రైతులు ప్రాణములు కోల్పోవుటయు మీ రెఱుగని సంగతులు కావు. వానిని అడవికి మరలించుటకై 2025లో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రమున కిచ్చినది. సైకిలుయొక్క సుగుణమైన నిశ్శబ్దమే ఇక్కడ దోషమగును. మోటారుచప్పుడు దూరమునుండియే వినబడును. సైకిలు మలుపు తిరిగి ఏనుగు ముందట నిలిచిన పిమ్మట గాని ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కావున అడవి అంచుబాటలలో తెల్లవారకముందును, సందెచీకటివేళయు సైకిలు పనికిరాదు. ముందటియూరి టీయంగడిలో "రాత్రి యెటువైపు తిరిగినవి?" అని అడిగి పోవుట ఉత్తమము.

ఏనుగు అడవిలో పుట్టిన ప్రమాదము. మనము ఊరిలో పుట్టించు ప్రమాదములు వేఱుగా నున్నవి. కోతలకాలమున ఉలవకట్టెను, రాగివెన్నులను తారురోడ్డుపై పఱచి, పోవు బండ్లచేత త్రొక్కించి నూర్చుచున్నాము. లారీకి అది లెక్కలోనిది కాదు. సైకిలుచక్రము దానిపై జాఱును, ఆ తీగ చైనులో చుట్టుకొని బండిని నిలువున ఆపును. తన యింటియెదుట వేగము తగ్గవలెనని ఒకడు రాళ్లును మట్టియు కుప్పవోసి అడ్డుకట్ట కట్టును. దానికి రంగు లేదు, గుర్తు లేదు. బాట కిరువైపుల కంపచెట్లు పెరిగి ముళ్లు రాల్చును. ఇవియన్నియు ఒక యెత్తు. బాటనే పొలములో కలుపుకొనుట ఒక యెత్తు. ఏటేట ఒక చాలు, ఏటేట ఒక చాలు జరిపి దున్నగా, జోడెడ్లబండి పోయిన త్రోవలో ఇపుడు మేక కూడ ప్రక్కకొదిగి నడువవలసి వచ్చుచున్నది.

దీనివలన నష్టపోవువారెవరు? మోటారుబండి గలవాడు పెద్దరోడ్డున పోవును. బండి లేనివారు బడిపిల్లలు, వారిలోను ఆడపిల్లలు.

నేను పనిచేసిన ఒక పల్లె సంగతి చెప్పెదను. 2000ల దశాబ్దపు ఆరంభమది. ఆ యూరికి ఉన్నతపాఠశాల రోడ్డుమీదుగా 6 కిలోమీటర్లు. ఆ రోడ్డున రేయింబవళ్లు రాతిలారీలు తిరుగుచుండెను. చెఱువుకట్ట మీదుగా పాతబాట 3 కిలోమీటర్లే. ఆ బాటను ఒకవైపు కంపచెట్లు, ఒకవైపు పొలముగట్లు మ్రింగివేసినవి. ఏడవ తరగతి ముగించిన బాలికలు ఏటేట ఇంటనే నిలిచిపోవుచుండిరి. ఆ యూరి పెద్దరైతు నొకరిని కలిసికొని, బాట బాగుచేసినచో పిల్లలు సైకిళ్లపై బడికి పోగలరని చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, చివర కిట్లనెను: "అయ్యవారూ, బిడ్డను పంపేది పెద్దపని కాదు. పొద్దు గూకేలోపల అది ఇల్లు చేరతాదని మీరు పూచీ ఉంటారా?" నేను, "నేనొక్కడినే పూచీ ఉంటే చాలదు రెడ్డిగారూ. ఊరు ఉంటే నేనూ ఉంటాను" అంటిని.

ఎనిమిది దినముల పిమ్మట ఆదివారమునాడు మచ్చుకత్తి చేతబట్టి మొదట వచ్చినవాడు ఆయనయే. గట్టు జరిపినవారిలో తానును ఒకడు. ఎవరును అడుగకముందే తన గట్టును వెనుకకు త్రవ్వించుకొనెను. ఆ పిమ్మట తక్కినవారికి చెప్పవలసిన పని లేకపోయెను. మూడు ఆదివారములలో బాట తెఱపి యైనది. ఆ జూన్ నెలలో ఐదుగురు బాలికలు తండ్రుల పాతసైకిళ్లు త్రొక్కుచు ఉన్నతపాఠశాలకు పోయిరి. వారిలో ముగ్గురు పదవ తరగతి దాటిరి. ఇద్దరు నడుమనే మానిరి. వారు మానుటకు కారణము బాట కాదు, పెండ్లి. బాట చేయవలసినది బాట చేసినది. తక్కినది మనము చేయవలసి యున్నది.

ఇది ఒక్క ఊరి మాట కాదు. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు సొమ్ము ఇచ్చినది. దాని ఫలితమును ఆర్థికశాస్త్రజ్ఞులైన కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ పరిశీలించి 2017లో ప్రకటించిరి. ఉన్నతపాఠశాలలో చేరిన బాలికలు నూటికి 32 వంతున పెరిగిరి. బాలురకును బాలికలకును గల అంతరము నూటికి 40 వంతులు తగ్గినది. ఆ మేలు బడికి 3 కిలోమీటర్లు, అంతకు మించిన దూరమున నున్న ఊళ్లలో ఎక్కువగా కనబడినది. అంతకు ముందే, 1990ల దశాబ్దపు ఆరంభమున, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమము నడపినవారు చదువుతోబాటు సైకిలును గూడ స్త్రీలకు నేర్పిరి. పొలముపనివారు, రాతిగనులలో కూలిచేయువారు వేలకొలదిగా నేర్చిరి. నవ్వినవారు కొంతకాలము నవ్వి యూరకుండిరి. నేర్చినవారు మాత్రము నీళ్లబిందెను, బిడ్డను, సంతసరకును సైకిలుపైనే తెచ్చుకొనిరి. మన రాష్ట్రములోను 2010ల దశాబ్దమున బడిబాలికలకు ప్రభుత్వము సైకిళ్లు పంచినది. సైకిలును ప్రభుత్వ మీయగలదు. ఆ సైకిలు నిర్భయముగా పోవు బాటను ఊరే యీయవలెను.

చదునునేల మాట మొదట చెప్పితిని గదా. లోకమున చదునునేలకును సైకిలునకును పేరుబడిన దేశము నెదర్లాండ్స్. మనవారు హాలండు అందురు. నేడు ఆ దేశమున మనుష్యులకంటె సైకిళ్లసంఖ్య ఎక్కువ. నేల చదును గనుక వారి కది సహజమని తలపవచ్చును. నిజ మది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అక్కడను కార్లు వెల్లువగా వచ్చి సైకిళ్లను బాటలనుండి త్రోసివేసినవి. 1971 ఒక్క సంవత్సరముననే ఆ చిన్నదేశమున రోడ్డుప్రమాదములలో ఇంచుమించు 3,300 మంది మరణించిరి. వారిలో 400కు పైగా పిల్లలు. తలిదండ్రులు సహింపక, పిల్లల చావులు ఆపుడని వీధులకు వచ్చిరి. ఆ దశాబ్దముననే చమురుధర పెరిగి కార్ల మోజు కొంత తగ్గినది. ప్రభుత్వము సైకిళ్లకు వేఱు బాటలు వేయ నారంభించినది. 1971లోను ఆ నేల చదునుగానే యుండెను. మాఱినది నేల కాదు, పెద్దల మనస్సు.

అట్టి బాటలను కట్టుటకు మనకు కోట్లరూపాయలు అక్కఱలేదు. మన పల్లెబాటలు ఇప్పటికిని నిశ్శబ్దముగానే యున్నవి. ఉన్నవానిని చెడగొట్టుకొనకుండుటయే మన పని. రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నవి. గ్రామపటములో బండిబాటలు, కాలిబాటలు గుర్తింపబడి యుండును. గ్రామసభలో ఆ పటమును విప్పించి, పటములో నున్న బాట పొలములో నున్నదా లేదా యని అడుగు హక్కు ప్రతి యోటరునకు కలదు. కాని గట్టు జరిపినవాడును మనవాడే, అడుగవలసినవాడును మనవాడే. అందుచేత కాగితముకంటె ముందు పెద్దమనిషి మాట కావలెను. పెద్దమనిషి మాటకంటె ముందు ఆయన తన గట్టును సరిచూచుకొనవలెను.

నూర్పునకు రోడ్డు వద్దు, ఊరుమ్మడికళ్లము నొకదానిని సిద్ధపఱచుకొందము. కంపచెట్లను ఏటికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వానలు వెలిసిన పిమ్మట ఒకసారి నఱికింతము. అడ్డుకట్ట తప్పనిసరియైనచోట దానికి తెల్లరంగు పూయింతము. ఊరిలో ఎనిమిదవ తరగతికి పోవలసిన ఆడపిల్లలు ఎందఱున్నారో, వారు ఏ బాటను పోవలెనో ఏప్రిలు నెలలోనే లెక్క చూతము. జూన్ నెలలో చూచినచో ఆలస్యమగును.

మఱియు ఆ బాటను చూచుటకు కారులో పోవలదు. గొడ్లపాకలోని సైకిలును వెలికి తీయుడు; గాలి నింపించుడు; మీరే త్రొక్కుచు బడిదాక పోయి రండు. ఎక్కడ ముల్లున్నదో టైరు చెప్పును. ఎక్కడ గుంటయున్నదో నడుము చెప్పును. ఎక్కడ పదుమూడేండ్ల పిల్ల భయపడునో మీ మనస్సు చెప్పును. ఈ మూడింటిని విని వచ్చిన పెద్దమనిషి గ్రామసభలో ఆడు మాటకు బలము వేఱు.